కారణం గడి

ముప్పై నాలుగేళ్లు నేను రైళ్లు నడిపాను. ఈ మాట పద్మారావు నగర్ పార్కులో, మంగలి షాపులో, లెక్కలేనన్ని పెళ్లిళ్లలో, ఒక చావింట్లో కూడా చెప్పాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇప్పుడు అచ్చులోకి వెళ్తోంది కాబట్టి కొంచెం సర్దుకోవాలి. రైలును నడిపేది డ్రైవరు. ఆయన ముందుంటాడు. నేను చిట్టచివరి డబ్బాలో ఒక ఎర్రజెండా, ఒక పచ్చజెండా, ఒక విజిలు, ఒక ఇనుప పెట్టె పెట్టుకుని కూర్చునే గార్డును. అది కూడా గూడ్సు బండికి. బొగ్గు, సిమెంటు, ఎరువుల బస్తాలు నా ప్రయాణికులు. వాటిలో ఒక్కటీ నా మీద ఫిర్యాదు చేయలేదు. ఈమధ్య గార్డులను ట్రైన్ మేనేజర్లు అంటున్నారు. ఆ పేరు నేను రిటైరయ్యాక వచ్చింది. అయినా మా తలుపు పక్కన బోర్డు మీద అదే రాయించాను. మా ఆవిడ పండగలకు దాన్ని తుడుస్తుంది, ఏమీ అనదు. ఏమీ అనకపోవడంలో ఆమెను మించినవాళ్లు లేరు.

అటువంటి నాకు రైలంటే భయం పట్టుకుంది. ఇది పెంచి చెప్పడం లేదు. ఎంత పట్టుకుందో చెబితే నమ్మరని తగ్గించే చెబుతున్నాను.

మూడేళ్ల కిందట ఒక ఉదయం, పాత సహోద్యోగి మనవరాలి బారసాలకని సికింద్రాబాద్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కాను. ఆఫీసులకు పోయే వేళ. ఒక పాదానికి చోటు దొరికితే రెండోది ఎవరి సంచి మీదో పెట్టాలి. జేమ్స్ స్ట్రీట్ ఇంకా రాకముందే బండి సిగ్నల్ దగ్గర ఆగింది. ఆగిన బండ్లు నాకు కొత్త కాదు. నా సర్వీసులో సగం ఆగిన బండిలో కూర్చునే గడిచింది. కానీ ఆ రోజు, ఏమీ జరక్కుండానే, గుండె దడదడ కొట్టుకోవడం మొదలైంది. అరచేతులు తడిసిపోయాయి. పెదాల చుట్టూ తిమ్మిరి. ఊపిరి లోపలికి వెళ్తోంది కానీ చాలడం లేదు. ఈ చెమట వాసనలో, ఎవరిదో టిఫిన్ డబ్బా వీపులో గుచ్చుకుంటుండగా, నిలబడే చచ్చిపోతున్నానని అనిపించింది. అనిపించడం కాదు, తెలిసిపోయింది.

జేమ్స్ స్ట్రీట్‌లో దిగి ఆటోలో ఆసుపత్రికి వెళ్లాను. తరువాత కాలనీలో నేను చెప్పిన కథలో నలుగురు డాక్టర్లు నా చుట్టూ పరిగెత్తారు. ఒకాయన ఇంకో ఐదు నిమిషాలు ఆలస్యమై ఉంటే అని తల కూడా పట్టుకున్నాడు. జరిగింది వేరు. ఒక నర్సమ్మ ఈసీజీ తీసి, "నార్మలే తాతా, జెర లేస్తవా, ఇంకొకాయన ఉన్నడు" అంది.

ఆ నెలలో మూడుసార్లు ఈసీజీ తీయించుకున్నాను. మూడోసారి చూసిన డాక్టరు ఆ కాగితాన్ని నా ముందు పరిచాడు. "మీ గుండె నా గుండె కన్నా బాగుంది. మీకు వస్తున్నది ప్యానిక్ అటాక్. భయమే, కానీ ఒంట్లో నిజంగా వచ్చే భయం. కౌన్సెలింగ్‌తో తగ్గుతుంది, వెళ్లండి" అని ఒక చీటీ రాసిచ్చాడు. ఆయనకు ఇప్పుడు దండం పెడుతున్నాను. ఆ రోజు పెట్టలేదు. ఆ రోజు చీటీ మడిచి లోపలి జేబులో పెట్టుకుని, బయట కూర్చున్న మా ఆవిడతో, "డాక్టర్‌కు ఏం సమజైతలేదంట" అన్నాను.

చీటీ జేబులోనే ఉంది. భయం మాత్రం ఊరు తిరగడం మొదలుపెట్టింది. మొదట రైలు మానేశాను. తరువాత బస్సు. తరువాత లిఫ్టు. ఒకరోజు మంగలి షాపులో మెడ చుట్టూ గుడ్డ కట్టగానే గుండె మళ్లీ దడదడమంది. సగం గడ్డంతో లేచి వచ్చేశాను. ఆటో ఒక్కటే మిగిలింది, రెండు వైపులా తెరిచి ఉంటుంది కాబట్టి. ఎక్కడికి పోయినా ఒక సంచి భుజాన ఉండేది. అందులో నీళ్ల సీసా, గ్లూకోజు పొట్లం, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర (నాకు ఎవరూ రాసివ్వలేదు, ఒక మిత్రుడి దగ్గర అడిగి తెచ్చుకున్నాను), మూడు ఈసీజీలు. కాలనీవాళ్లు ఎల్‌ఐసీ పని మొదలుపెట్టానని అనుకున్నారు.

ఇంతవరకూ నవ్వులాటే. ఇక చెప్పడానికి సిగ్గుపడే సంగతి. నాకు ఇంట్లో ఒంటరిగా ఉండటం కూడా చేతకాకుండా పోయింది. మా ఆవిడ కూరగాయలకు పోతే ఫోను. గుడికి పోతే ఫోను. "ఏమన్న అయితుందా?" అని ఆమె అడిగేది. "ఏం కాలే, ఎప్పుడొస్తవ్?" అనేవాణ్ణి. ఆమెకు కాజీపేటలో అక్క ఉంది. తల్లి చిన్నప్పుడే పోతే, జడ వేయడం నుంచి అన్నం కలపడం దాకా ఆ అక్కే చేసి పెంచింది. ఆ అక్క స్నానాల గదిలో పడి తుంటి విరగ్గొట్టుకుంది. సికింద్రాబాద్ నుంచి కాజీపేట ఎంత దూరం? రెండు గంటలు, రెండున్నర గంటలు. మా ఆవిడ నాలుగు నెలలు వెళ్లలేదు. నన్ను తీసుకుని వెళ్లలేదు, వదిలి వెళ్లలేదు.

ఒకరోజు ఫోను పెట్టేసి నా ముందు కూర్చుంది.

"అక్క అడుగుతుంది, ఎందుకొస్తలేవే అని. ఏం చెప్పాలె?"

"నాకు పానం బాగలేదని చెప్పు."

"నాలుగు నెలలసంది గదే చెప్తున్న. ఏం రోగమని అడుగుతుంది. గుండె అంటే నువ్వు తెచ్చిన కాగితాలల్ల మంచిగున్నదని రాసుంది. నేను చదివిన." ఆమె నా చొక్కా జేబులోంచి ఆ మడిచిన చీటీ తీసి బల్ల మీద పెట్టింది. "ఇది సుత చదివిన. ఉతికేటప్పుడల్ల తీసి మళ్ల పెడుతున్న. ఇగ నాతోని కాదు."

ఇన్నాళ్లుగా ఆ చీటీ సబ్బునీళ్లు తగలకుండా ఎలా బతికిందో నాకు అప్పుడు అర్థమైంది.

చీటీలో ఉన్న చోటు తిరుమలగిరిలో, ఒక పళ్ల డాక్టరు క్లినిక్ పై అంతస్తు. అది నాకు బాగా కలిసొచ్చింది. కాలనీలో పంటి వైద్యానికి వెళ్తున్నానని చెప్పేశాను. ప్రతి గురువారం పొద్దున పదింటికి ఆటో. పదో వారానికి పక్కింటి కోడలు ముగ్గు వేస్తూ తలెత్తి, "ఇంకెన్ని మిగిలినయ్ పెద్దనాన్నా?" అని అడిగింది. రూట్ కెనాల్ అన్నాను. మాది రైల్వే కదా, రూట్ ఎంత పొడవైనా నమ్ముతారు.

ఇరవై రెండు మెట్లు ఎక్కితే ఒక చిన్న గది. పడుకోబెట్టి గడియారం ఊపుతారేమోనని అనుకున్నాను. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టేబుల్ ఫ్యాను, కిటికీలో మనీప్లాంటు. కౌన్సెలర్ అంటే ముప్పై ఐదేళ్లు కూడా ఉండని అమ్మాయి. నా షర్టు కన్నా ఆమె చెప్పులు పాతవి. అది చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

"చెప్పండి సర్, ఏం చేసేవారు?"

"డ్రైవర్. ఎక్స్‌ప్రెస్ బండ్లు" అన్నాను. ఆమె రాసుకుంది. రాసుకునేవాళ్లను చూస్తే నాకు మాట ఆగదు.

తరువాత ఆమె అడిగిన ప్రశ్న మామూలుదే. ఇది మొదలవడానికి ముందు ఏదైనా జరిగిందా, మనసుకు కష్టం కలిగించింది, అని. నేను చేసిన తప్పు అర్థం కావాలంటే గార్డు జర్నల్ గురించి కొంచెం చెప్పాలి. ప్రతి ప్రయాణానికీ గార్డు ఒక కాగితం నింపుతాడు. ఏ స్టేషన్‌కు ఎప్పుడు చేరింది, ఎప్పుడు బయల్దేరింది, ఎన్ని నిమిషాలు పోయాయి, కారణం ఏమిటి. ఆ చివరి గడి ఖాళీగా ఉంటే ఆఫీసులో పిలిచి నిలబెడతారు. బండి ఊరికే ఆగదు, ఆగితే కారణం ఉండాలి. సిగ్నల్, గేటు, పట్టాల మీద గేదె, ఏదో ఒకటి. తెలిస్తే తెలిసింది రాసేవాణ్ణి. తెలియకపోతే గేదెను రాసేవాణ్ణి. నా సర్వీసులో ఆ లైను మీద అడ్డం వచ్చిన గేదెలన్నీ నిజమైతే తెలంగాణలో పాలకు కరువుండేది కాదు.

ఇప్పుడు ఆ అమ్మాయి కలం పట్టుకుని ఎదురుచూస్తోంది. నా జీవితంలో వెతికాను. ఇల్లుంది, పెన్షన్ వస్తోంది, పిల్లలు ఈ ఊళ్లోనే ఉన్నారు, ఆవిడ మంచిది. భయపడటానికి ఒక్క కారణం లేదు. ఇంత వయసు మనిషి ఏ కారణం లేకుండా మంగలి కుర్చీలోంచి పారిపోయాడని రాయమని ఎలా చెప్పను? గడి నింపేశాను. నేను నడుపుతున్న బండి కింద ఒక మనిషి పడ్డాడని చెప్పాను.

అది అబద్ధం కూడా కాదు. అంతకన్నా చెడ్డది. అది నా స్నేహితుడి నిజం.

మా వెనక వీధిలో ఉంటాడు. ఆయన నిజమైన డ్రైవరు. నేను గార్డుగా చాలా బండ్లలో ఆయన వెనక వెళ్లాను. మా మేనల్లుడి పెళ్లి రోజున ఆయన డ్యూటీలో ఉండి రాలేకపోయాడు. ఆ రోజే జరిగింది. నేను ఆ సమయానికి బరాత్‌లో బ్యాండు ముందు ఎగురుతున్నాను. వారం తరువాత ఒక రన్నింగ్ రూములో, డ్యూటీల మధ్య మేము పడుకునే చోట, గోడ వైపు తిరిగి ఆయన నాకు నాలుగు వాక్యాల్లో చెప్పాడు. మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆ తరువాత కూడా తొమ్మిదేళ్లు అదే లైనులో బండి నడిపాడు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

ఆ నాలుగు వాక్యాలను నేను నాలుగు వారాలు నడిపించాను. ఆ అమ్మాయి, "ఇప్పుడే వివరాలు వద్దు సర్, మీకు ఇబ్బంది లేనంతవరకే" అనేది. నాకేం ఇబ్బంది? రెండో వారానికి వాన తెచ్చాను. మూడో వారానికి మెరుపులు. నాలుగో వారం నేను టార్చి పట్టుకుని అర కిలోమీటరు పరిగెత్తాను. ఆమె ఎంతో జాగ్రత్తగా, గాయం మీద గుడ్డ విప్పినట్టు మాట్లాడేది. ఇంటికొస్తే నా భయం ఉన్నచోటే ఉంది. ఉండదా? లేనిచోట మందు రాస్తుంటే.

నాలుగో వారం చివర్లో ఆమె, "వచ్చేసారి ఆంటీని కూడా తీసుకురండి సర్. ఇంట్లో వాళ్లకు అర్థమైతే మీకు సులువవుతుంది" అంది.

మనస్సాక్షి మేలుకుని ఒప్పుకున్నానని రాయాలని ఉంది. భార్య భయం. అంతే. మా ఆవిడ ఆ కుర్చీలో కూర్చుని నోరు తెరిస్తే మొదటి వాక్యంలోనే నేను డ్రైవరును కాకుండా పోతాను. ఐదో గురువారం మెట్ల మీద ఆమెను నిలబెట్టి, "రెండు నిమిషాలు ఆగు" అని లోపలికి ముందు నేనే వెళ్లాను.

"అమ్మా, నేను డ్రైవర్ను కాదు. గూడ్సు గార్డును. ఆ మనిషి నా బండి కింద పడలే. ఆ రోజు నేను పెండ్లిల ఉన్న. అది మా దోస్తుకు అయ్యింది."

ఆమె కలం కింద పెట్టింది. కోపం వస్తుందని చూశాను. నవ్వుతుందేమోనని కూడా చూశాను.

"వాన?" అంది.

"అది సుత నాదే."

ఆమె అడిగింది, "ఎందుకు చెప్పాలనిపించింది సర్?"

గార్డు జర్నల్ గురించి చెప్పాను. గేదెల గురించి చెప్పాను. "కారణం లేకుండ భయపడేటోణ్ణి మీరేమనుకుంటరో అని" అన్నాను. ఆమె నీళ్ల గ్లాసు నా వైపు జరిపింది, తాగాను.

"మీరు కారణం ఇస్తే దాని వెంటే వెళ్లాను. నేను కూడా కొంచెం తొందరపడ్డాను" అంది. "ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామందికి ఆ గడి ఖాళీగానే ఉంటుంది సర్. కొందరికి తరువాత ఎప్పుడో దొరుకుతుంది, కొందరికి దొరకదు. దొరక్కపోయినా తగ్గించుకోవచ్చు. ఇవాళ్టి నుంచి మనం అది వదిలేద్దాం. వచ్చినప్పుడు మీరు ఏం చేస్తున్నారో చూద్దాం."

తలుపు దాకా వచ్చి మా ఆవిడను పిలవబోతూ ఆగింది. "ఆ కథ మీ స్నేహితుడిదన్నారు కదా. ఆయన ఎలా ఉన్నారు?"

నాకు తెలియదు. రోజూ పార్కులో కలిసి నడిచే మనిషి ఇరవై ఏళ్లుగా ఎలా ఉన్నాడో నాకు తెలియదు.

ఆ తరువాత జరిగిన వైద్యంలో మంత్రాలేమీ లేవు. మందు వాడాల్సినవాళ్లు కూడా ఉంటారట. నన్ను పంపిన డాక్టరుతో మాట్లాడి, నాకు ప్రస్తుతానికి అక్కర్లేదన్నారు. నా సంచిలో అరువు మాత్ర సంగతి చెప్పగానే మాత్రం ఆమె ముఖం మారింది. అది తీసి తిరిగి ఇచ్చేదాకా వదల్లేదు. తరువాత ఆమె నన్నే అడిగింది, బండిలో ఎవరో గొలుసు లాగితే గార్డు ఏం చేస్తాడని. గూడ్సులో గొలుసు ఉండదమ్మా, బొగ్గు గొలుసు లాగదు అన్నాను. కానీ మధ్యలో కొన్నాళ్లు ప్యాసింజరు బండ్లకు పనిచేశాను కాబట్టి చెప్పాను. దిగుతాం, ఆ డబ్బా దాకా నడుస్తాం, ఏమైందో చూస్తాం, ఏమీ లేకపోతే లాగిన గొలుసును మళ్లీ సర్ది పచ్చజెండా ఊపుతాం.

"బండి వదిలి పారిపోరు కదా?"

"పారిపోతే సస్పెండ్ చేస్తరు."

"మీ ఒంట్లో కూడా ఎవరో ఊరికే గొలుసు లాగుతున్నారు సర్. మీరు ప్రతిసారీ బండి వదిలి పారిపోతున్నారు."

మా ఆవిడ రెండో కుర్చీలో కూర్చుని వింటోంది. "గంతేనా?" అంది. నాలుగు నెలలు గంతే కోసం ఇంట్లో కూర్చున్నానన్నట్టు. అంతే కాదు ఆంటీ, చెప్పడం సులువు, చేయడం ఆయనకు చాలా కష్టం అని ఆ అమ్మాయి నా తరఫున మాట్లాడింది. నా తరఫున ఒకరు మాట్లాడటం విని ఎన్నాళ్లయిందో.

ఒక నోటుపుస్తకం ఇచ్చింది. భయం వచ్చిన సమయం, చోటు, పదికి ఎంత, ఎన్ని నిమిషాలు. అలవాటు కొద్దీ నేను చివర ఇంకో గీత గీసి కారణం అని రాసుకున్నాను. అది చూసి, "ఉంచండి, కానీ ఏమీ రాయకండి" అంది. గడి గీసుకుని ఖాళీగా వదలడం ఎంత కష్టమో ఒక గార్డుకే తెలుస్తుంది. ఒక వారం బద్ధకించి మూడు రోజుల లెక్క ఒకేసారి కూర్చుని నింపాను, అన్నింటికీ ఒకే సమయం, ఒకే అంకె. ఆమె పేజీని వెలుతురుకు పట్టి, "మూడు రోజులూ ఒకే నిమిషానికి రైట్ టైమ్‌లో వచ్చిందా సర్ బండి?" అని అడిగింది. మళ్లీ ఆ పని చేయలేదు.

కానీ నెల తిరిగాక ఆ పుస్తకమే నన్ను మార్చింది. ఎవరేం చెప్పినా నమ్మను కానీ నిజంగా రాసిన జర్నల్‌ను నమ్ముతాను. నేను పారిపోకుండా నిలబడ్డ ఏ రోజూ భయం ఇరవై నిమిషాలు దాటలేదు. ఎక్కింది, నిలబడింది, దిగింది. నా చేతిరాతలో ఉంది. కాదనడానికి లేదు.

మెట్టు మెట్టుగా వెళ్లాం. మొదట స్టేషన్ బయట నిలబడటం. తరువాత ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని బెంచీ మీద అరగంట. తరువాత సంచి లేకుండా అరగంట. మంగలి కుర్చీ. లిఫ్టులో రెండంతస్తులు. వీటి మధ్యలోనే, ఒక పొద్దున, స్నేహితుడి ఇంటికి వెళ్లాను.

ఆయన ఇంటి ముందు పెయింటు డబ్బాల్లో మిరప మొక్కలు పెంచుతాడు. నీళ్లు పోస్తున్నాడు.

"ఏందిరా, ఇయ్యాల పండ్లు పీకిచ్చుకునే దినం కాదు గదా?"

మెట్టు మీద కూర్చుని మొత్తం చెప్పాను. పళ్లు కావని, పై అంతస్తని, భయమని. ఆయన కథను నాదిగా చెప్పానని. చెంబు చేతిలో పట్టుకునే విన్నాడు.

"ఎట్ల చెప్పినవ్? నాకు చెప్పు."

"వద్దు భాయ్."

"చెప్పు. నాదే గదా."

చెప్పాను. వాన, మెరుపులు, టార్చి. నా గొంతు నాకే వినబుద్ధి కాలేదు. ఆయన చెంబు పక్కన పెట్టి నా పక్కన కూర్చున్నాడు.

"వాన లేదురా. ఎండ. నెత్తి మాడిపోయే ఎండ" అన్నాడు. "ఆయన చేతిల టిఫిన్ డబ్బా ఉండె. ముందుగాల డబ్బాను పక్కకు పెట్టిండు, పాడు కాకుండ. గది చూసిన నేను. హారన్ కొడుతనే ఉన్న."

ఆ తరువాత గంటసేపు ఆయనే మాట్లాడాడు. ఇరవై ఏళ్లకు మొదటిసారి. నేను ఒక్క మాట కలపలేదు. నా బతుకులో అంతసేపు ఒక కథకు ఏమీ కలపకుండా ఉన్నది ఆ రోజే. ఎండ మొక్కల మీదికి వచ్చింది. ఆయన లేచి మిగిలిన నీళ్లు చివరి డబ్బాలో పోసి, నా వైపు చూడకుండా అడిగాడు.

"ఎన్ని మెట్లన్నవ్?"

"ఇరవై రెండు."

"నాకు సుత పన్ను నొస్తుందిరా. ఎప్పటిసందో."

తరువాతి గురువారం ఇద్దరం ఒకే ఆటోలో వెళ్లాం. నా గంట అయ్యాక ఆయన గంట. కింద దంతవైద్యుడి దగ్గర పనిచేసే అమ్మాయి మమ్మల్ని ప్రతి వారం చూసి చూసి, ఎప్పటికైనా తమ దగ్గరికి వస్తారులే అన్నట్టు నవ్వేది. లోపల ఆయన ఏం మాట్లాడేవాడో నాకు తెలియదు. అడగలేదు, ఈసారి అడగకపోవడం వేరు. ఆయన మాత్రం ఒకసారి ఆటోలో, "నిన్న నిద్ర పట్టిందిరా" అన్నాడు. నేను జేమ్స్ స్ట్రీట్ దాకా ఎంఎంటీఎస్‌లో వెళ్లినప్పుడు పక్కన నిలబడింది ఆయనే. "ఏం మాట్లాడకు, నేను రాసుకుంటున్న" అంటే, మాట్లాడకుండా నా పుస్తకంలోకి తొంగి చూస్తూ నిలబడ్డాడు. ఎనిమిది రాశాను. తరువాత ఐదు. దిగేటప్పటికి మూడు.

కాజీపేటకు టికెట్లు తీసింది మా ఆవిడ. నన్ను అడగలేదు. పొద్దుటి బండి. సంచిలో నీళ్ల సీసా మాత్రం పెట్టనిచ్చింది, దాహం వేస్తే తాగడానికి. మౌలాలి, ఘట్‌కేసర్ బాగానే దాటాయి. భువనగిరి దాటాక ఎక్కడో పొలాల మధ్య బండి ఆగింది. వచ్చింది. దాని అడుగుల చప్పుడు నాకు ఇప్పుడు తెలుసు. పుస్తకం తీశాను. అంకెలు పట్టాలెక్కడం లేదు.

మా ఆవిడ జామకాయ కోస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది, "వచ్చిందా?"

"వచ్చింది."

"ఎంత?"

"తొమ్మిది."

"ఉండనియ్యి. దాని టికెట్ మనం తీయలే." ఒక ముక్కకు ఉప్పుకారం అద్ది నా చేతిలో పెట్టింది. నా అరచేతి చెమటకు కారం కరిగి మణికట్టు దాకా పాకింది. ఊపిరి నెమ్మదిగా వదులుతూ, ఆ ముక్క పట్టుకుని కూర్చున్నాను. లేవలేదు. తలుపు దగ్గరికి వెళ్లలేదు. పదకొండో నిమిషానికి జామకాయ రుచి తెలిసింది. ఆలేరు వచ్చేటప్పటికి రెండో ముక్క అడిగాను.

అక్క మంచం మీదే ఉంది. మా ఆవిడ లోపలికి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. అక్క ఈమె జడ చేతిలోకి తీసుకుని చూసి, "నూనె పెడుతలేవానే?" అంది. అరవై రెండేళ్ల మా ఆవిడ అక్కడే వెనక్కి తిరిగి కూర్చుంది, చిన్నపిల్ల కూర్చున్నట్టు. అక్క పడుకునే జడ విప్పడం మొదలుపెట్టింది. నేను గడపలో నిలబడి చూశాను. నాలుగు నెలలు, ఆ తరువాత నా గురువారాలన్నీ కలిపి దాదాపు తొమ్మిది నెలలు, నేను ఆపి ఉంచిన బండి అది.

"నువ్వు పది దినాలుండు. నేను పొద్దుగాల పోత" అన్నాను.

మా ఆవిడ తిరగబోయింది. అక్క జడ వదల్లేదు. మా ఆవిడ తల కదపకుండా కళ్లు మాత్రం నా వైపు తిప్పింది. "ఒక్కనివే?"

"ముప్పై నాలుగేండ్లు ఒక్కణ్ణే పోయిన, ఆఖరి డబ్బాల."

ఈ ఒక్కదానికి మాత్రం ఏమీ సర్దుకోవాల్సింది లేదు. నిజం.

తిరుగు ప్రయాణం నేను ధైర్యంగా చేశానని కాలనీలో చెప్పాను. మా ఆవిడకు ఆ పది రోజుల్లో ఒక్క ఫోను కూడా చేయలేదని కూడా చెప్పాను. చేశాను. మొదటి రోజు నాలుగుసార్లు, తరువాత రోజుకు ఒకసారి, అదీ అక్క ఎలా ఉందని అడగడానికే. ఒంటరి ఇంట్లో రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదు. అవి కూడా పుస్తకంలో ఉన్నాయి. భయం ఇప్పటికీ వస్తుంది, పిలవని చుట్టంలా, ఎప్పుడో ఒకసారి. వస్తే కూర్చోబెట్టి సమయం రాసుకుంటాను. నెలకోసారి ఆ ఇరవై రెండు మెట్లు ఎక్కుతున్నాను. కారణం గడిని ఖాళీగా వదలనిచ్చిన ఆ అమ్మాయికి, జేబులో చీటీని సబ్బునీళ్ల నుంచి కాపాడిన మా ఆవిడకు, నాది కాని కథను నేను దొంగిలిస్తే తనది తాను తిరిగి తీసుకున్న నా స్నేహితుడికి నేను ఎంత రుణపడ్డానో పెంచి చెప్పడానికి ఎంత ప్రయత్నించినా ఉన్నదానికి చాలడం లేదు.

కాజీపేట నుంచి ఒక్కణ్ణే వచ్చిన ఆ రోజు, సికింద్రాబాద్‌లో దిగేసరికి ప్లాట్‌ఫారం మీద స్నేహితుడు నిలబడి ఉన్నాడు, ఇంజన్ ఆగే చోట. రిటైరయ్యాక ఆయన అటు చివరికి వెళ్లడం నేను ఒక్కసారీ చూడలేదు.

"లేటేంది?" అన్నాడు.

పుస్తకం తీసి చూపించాను. అందులో బండి చేరిన సమయం కూడా రాశాను. ఆలస్యం పన్నెండు నిమిషాలు. పక్కన కారణం గడిలో ఆయన వేలు పెట్టి నా ముఖం చూశాడు.

"ఇదేంది, ఖాళీగున్నది?"

"తెల్వదు భాయ్" అన్నాను. పుస్తకం మూసి జేబులో పెట్టుకుని, ఇద్దరం టీ తాగడానికి బయటికి నడిచాం.